చేతిలో ఊగిన గాజుబుడ్డి

ప్రయోగశాలలో ఆమెను అందరూ ఊయలక్క అంటారు. సీసాలు కడిగే పనికి వచ్చి, చూసి చూసి నేర్చుకుని, ఇప్పుడు గాజుబుడ్డీలను ఊపే యంత్రాన్ని ఆమే చూసుకుంటోంది. బుడ్డీల్లో చక్కెర కలిపిన నీళ్లు, వాటిలో తడిసిన రంపపు పొట్టులా తేలే మొక్క కణాలు. ఊపు ఆగితే అవి అడుక్కి చేరి, గాలందక చస్తాయి.

కిందటి నెల బూజు పట్టి అన్నీ పోయాయి, ఒక్క బుడ్డి మిగిలింది. రెండు రోజుల కిందట ప్రయోగశాల నడిపే మేడమ్ అందులో ఒక వేరు నుంచి తీసిన మందు వేశారు. ఆ మందు నీళ్లలో కరగదు. కణాల్లోని ఎంజైములు దానికో చక్కెర ముక్క తగిలిస్తే కరుగుతుంది. తగిలించాయో లేదో ఆ సాయంత్రం తేలాలి.

ఉదయం యంత్రం బెల్టు కీచుమంది. ఊయలక్క ఇంట్లో కుట్టుమిషనుకు వేసినట్టే ఓ చుక్క నూనె వేసింది. కీచు ఆగింది. కాసేపటికి ఊపూ ఆగింది.

మోటార్లు బాగుచేసే మరిదికి ఫోన్ చేసి, బుడ్డిని చేతిలోకి తీసుకుంది. గట్టిగా ఊపితే కణాలు చితుకుతాయి, మరీ మెల్లగా అయితే కూరుకుపోతాయి. కిటికీ పక్కన కూర్చుని మణికట్టుతో గుండ్రంగా తిప్పసాగింది. కణాలు మబ్బుల్లా లేచి, విడిపోయి, మళ్లీ కలుస్తున్నాయి. చూస్తూ చూస్తూ ఉంటే చెయ్యి ఎక్కడ అయిపోయిందో, గాజు ఎక్కడ మొదలైందో తెలియలేదు. గది కూడా దానితోపాటే తిరుగుతున్నట్టుంది. గోడ మీది ఎండ నేల మీదికి దిగింది.

మరిది వచ్చి బెల్టు తడిమి చూశాడు.

"వదినా, బెల్టుకి ఎవరన్నా నూనె పూస్తారా? జారక ఏం చేస్తుంది?"

"మెల్లగా అనవయ్యా."

"నా కూతుర్ని ఒక్కరోజన్నా ఇంత ముద్దుగా ఊపావా?"

"దాన్ని ఊపితే ఏడుస్తుంది. ఇది నోరెత్తదు."

"పోనీలే, బెల్టు పాతబడిందని చెప్తాను మీ మేడమ్‌కి."

"వద్దు. నా నోటితోనే చెప్పనీ."

సాయంత్రం మేడమ్ రాగానే చెప్పింది, చెయ్యి ఆపకుండానే. మేడమ్ బుడ్డిలోంచి ఒక చుక్క తీసి తెల్లటి పలక అంచున పెట్టారు. దాన్ని ద్రవంలో నిలబెట్టి, తడి పైకి పాకి ఆరాక ఊదారంగు దీపం కింద ఉంచారు. పైన పాత మందు మచ్చ. దాని కింద మసగ్గా ఇంకోటి, చక్కెర తగిలాక అంత పైకి పాకలేనిది.

"తగిలించాయి," అన్నారు మేడమ్. ఇంకో చుక్క సూక్ష్మదర్శిని కింద పెట్టి చాలాసేపు చూశారు. "బతికే ఉన్నాయి. నూనె డబ్బా మాత్రం ఇకమీదట నా బల్ల మీద ఉంటుంది."

మరిది బజారు నుంచి తెచ్చిన కొత్త బెల్టు బిగించాడు. ఊయలక్క బుడ్డిని యంత్రానికి అప్పగించింది. ఖాళీ చెయ్యి ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంది.