ముగ్గు నేర్చిన రోబో

మేడ్చల్ దాటితే రోడ్డుకు రెండు వైపులా ద్రాక్షతోటలు, ఆ తోటల నడుమ అప్పుడప్పుడే సున్నం ఆరుతున్న ఇంజనీరింగ్ కాలేజీలు కనిపించే కాలమది. అప్పట్లో మా వైపు ఒక ఆడపిల్ల ఇంజనీరింగ్ చదువుతోందంటే ఊళ్ళో అందరికీ ఒకటే నమ్మకం: ఫ్యాను తిరక్కపోతే ఈ పిల్ల బాగుచేస్తుందని. నేను బాగుచేయలేకపోయేదాన్ని. అది ఎందుకు తిరగడం లేదన్న విషయం మీద మాత్రం అరగంట ఆగకుండా వాదించగలిగేదాన్ని. (ఇప్పటికీ వాదిస్తాను. మా ఇంట్లో ఫ్యాన్లు భయంతో తిరుగుతుంటాయని మా ఆయన అంటారు.)

మా కాలేజీలో ఆడపిల్లల బస్సు సాయంత్రం నాలుగున్నరకే బయలుదేరేది. మగపిల్లలు ఆరున్నర బస్సులో పోయేవారు. మధ్యలో ఆ రెండు గంటలు ఎలక్ట్రానిక్స్ లాబ్ పూర్తిగా వాళ్ళ రాజ్యం. పగలేమో ఒక సోల్డరింగ్ కడ్డీకి ఆరుగురం. నా వంతు వచ్చేసరికి గంట కొట్టేవారు. లాబ్ తాళాలన్నీ నడుముకు గుత్తిగా కట్టుకుని తిరిగే ఒక సార్ ఉండేవారు. ఆయన నడిస్తే ఎద్దు వస్తున్నట్టు గలగలమనేది, అందుకే ఆయన మాకు గుత్తి సార్. ఒకరోజు మెట్ల మీద ఆయనకు అడ్డం నిలబడ్డాను.

"సార్, మేం గూడ ఆరున్నర బస్సుకే పోతం. మేమేమన్న సగం సిలబస్ రాస్తున్నమా?"

"అమ్మా, నీతోని వాదం పెట్టుకుంటే నా చాయ్ సల్లారిపోతది," అన్నారు గుత్తి సార్. "ఒక పని జెయ్యి. కండ్లకోయ దిక్కు కాలేజీల రోబో పోటీ పెడుతున్నరు. గీత ఎంబడి నడిచే రోబో. ఆడ గీత మీద పూర్తిగ ఒక్క చుట్టు తిప్పుండ్రి, లాబ్ ఆరున్నర దాక మీకు గూడ తెరిచే ఉంచుత. తిప్పకుంటే మాత్రం గీ ముచ్చట మల్ల ఎత్తొద్దు."

"సరే" అన్నాను, ఆ గీత సంగతి ఒక్క ముక్క తెలియకుండానే.

జట్టు ఇద్దరం. నేను, సోడాబుడ్డి. కళ్ళద్దాల మందాన్ని బట్టి ఆ పేరు నేనే పెట్టాను. ఆమె ఎంత నెమ్మదిగా మాట్లాడేదంటే, హాజరు పలికినా వినపడక లెక్చరర్లు ఆబ్సెంట్ వేసేవారు. పని ఆమె చేసేది, మాటలు నేను మాట్లాడేదాన్ని. అప్పట్లో నేను దీన్ని పని పంచుకోవడం అనుకునేదాన్ని. రోబో అంటే పెద్దదేం కాదు. అరచేతంత అట్ట, బొమ్మకారు చక్రాలు, కడుపు కింద నేలను చూసే రెండు కళ్ళు. కుడికన్నుకు తెల్లగీత కనిపిస్తే కుడికి, ఎడమకన్నుకు కనిపిస్తే ఎడమకు తిరగాలి. రెండు కళ్ళకూ ఒకటే రంగు కనిపిస్తే సూటిగా పోవాలి.

లాబ్ దొరకదు కాబట్టి సాధనంతా శామీర్‌పేటలో మా ఇంటి షాబాదు బండల మీదే. అవ్వ ఒక పూటంతా చూసి చూసి దగ్గరికొచ్చింది.

"ఏందే గిది, పురుగా, బండా?"

"రోబో అవ్వా. గీత గీస్తే దాని మీద నడుస్తది."

"గీతేనా? గంతదానికి స్కేలు వెట్టి కొట్లాడుతున్నరా? జరుగుండ్రి."

సుద్ద నానబెట్టి, గుడ్డపేలిక ముంచి, నల్లటి బండల మీద గడప నుంచి కుడితి తొట్టి దాకా అవ్వ ఒక గీత లాగింది. ఒంపులు, మలుపులు, మధ్యలో ఒక తామరపువ్వు. చెయ్యి ఎక్కడా వణకలేదు. మా డ్రాయింగ్ సార్ చూసి ఉంటే ఆ రోజుకు సెలవు పెట్టేవారు. వారం తిరిగేసరికి రోబో తామర రేకులన్నీ చుట్టి రావడం నేర్చింది.

సోడాబుడ్డి మాత్రం నోటీసు కాగితం పట్టుకుని మూడుసార్లు గొణిగింది: "పోటీల తెల్ల షీటు మీద నల్ల గీతంటనే."

"తెల్లదైతేంది, నల్లదైతేంది? గీత గీతే గదా! ఇగ ఇల్లంత సున్నమేపియ్యాల్నా? ఆఖరి రోజు ప్రోగ్రామ్‌ల చిన్న మార్పు జేస్తె అయిపాయె."

ఆఖరి రోజు వచ్చింది. ఆ రోజంతా నేను నాయినతో కొట్లాటలో ఉన్నాను. అవ్వ వెంట వస్తేనే పోటీకి పంపుతానని ఆయన, ఇరవయ్యేళ్ళదానికి కాపలా ఏమిటని నేను. సోడాబుడ్డి రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి ఏదో చెప్పబోయింది. "ఆగవే, నాయినతోని మాట్లాడుతున్న గదా!" అన్నాను. చివరికి అవ్వ వచ్చింది. మార్పు రాలేదు.

పోటీ హాల్లోనూ నల్లరాతి నేలే. మధ్యలో తెల్లటి షీటు, దాని మీద నల్ల టేపుతో గీత. వేదిక ముందు ముఖ్య అతిథి కోసం దీపపు స్తంభం, దాని చుట్టూ బండెడు ముగ్గు. మా వంతు రాగానే రోబోను షీటు మీద పెట్టి స్విచ్చి నొక్కాను. అది బుద్ధిగా ముందుకు వెళ్ళింది, నల్లగీత కనపడగానే పరీక్షల నాడు గుత్తి సార్ ఎదురుపడితే మేం తప్పుకున్నట్టు మొహం పక్కకు తిప్పుకుంది, సూటిగా షీటు దిగి వెళ్ళిపోయింది. నల్లటి నేల మీద జనం కాళ్ళ సందుల్లోంచి సాగుతూ సాగుతూ వేదిక ముందుకు చేరింది. అక్కడ దానికి ముగ్గు కనిపించింది.

పుట్టింటికి వచ్చినట్టయింది దానికి. ఒక రేకు తిరిగింది, రెండో రేకు తిరిగింది, వెనక చక్రాలతో ముగ్గంతా చెరుపుకుంటూ మూడో రేకూ తిరిగింది. హాలంతా ఈలలు. అవ్వ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అగో, సూడుండ్రి! నా చేతి కింద నేర్సింది. తొవ్వ తప్పుతదా?"

రోబో దీపపు స్తంభానికి తల ఆనించి, దండం పెట్టినట్టు ఆగింది. గోడకు ఆనుకుని చూస్తున్న గుత్తి సార్ తీరిగ్గా అన్నారు: "మంచిగుందమ్మా. రేపటి సంది కల్లాపి గూడ దాంతోనే సల్లిపియ్యి."

లాబ్ పోయింది. నాకు తెలుస్తూనే ఉంది. ప్రతి జట్టుకూ రెండో అవకాశం ఉంటుంది గానీ, ప్రోగ్రామ్ మార్చాలంటే చిప్పును పీకి యంత్రంలో పెట్టాలి. ఆ యంత్రం మా కాలేజీ లాబ్‌లో, గుత్తి సార్ తాళం వెనకాలే ఉంది. ఇక నాకు చేతనైన పని ఒక్కటే కాబట్టి, పాపం ఎవరో కుర్ర న్యాయనిర్ణేత, ఆయన మీద పడ్డాను.

"ముగ్గు గీత గాదని మీ నిబంధనలల్ల ఏడ రాసుంది సార్? సూపెట్టుండ్రి!"

"మీ చేతుల్నే ఉంది గద మేడం. సదవండి."

చదివాను. నా గొంతు సంగతి తెలుసుగా, హాలంతా వినిపించేలా చదివాను. రెండో వాక్యమే 'తెల్లని తలం మీద నల్లని గీత' అని ఉంది. అయినా ఆగలేదు, 'తలం' అంటే ఏమిటో నిర్వచించమన్నాను.

మొహం మాడ్చుకుని మూలకు తిరిగి వచ్చేసరికి, అవ్వ కాళ్ళు చాపుకుని, పసిబిడ్డకు నలుగు పెట్టడానికి పడుకోబెట్టినట్టు రోబోను వెల్లకిలా పడుకోబెట్టుకుని ఉంది. సోడాబుడ్డి దాని కడుపులో వేలు పెట్టి ఉంది.

"ఏం జేస్తున్నవే?"

"రెండు కండ్ల వైర్లు అటుదిటు, ఇటుదటు మార్చిన. ప్రోగ్రామ్ ముట్టలే. ఇప్పుడు దానికి ఉల్టా కనవడ్తది. ఎటు నల్లగుంటే అటు తిరుగుతది."

అంతే. రెండు వైర్లు. నేను 'తలం' గురించి కొట్లాడుతున్నంతసేపట్లో.

రెండోసారి రోబో తాగినవాడిలా ఊగుతూ బయలుదేరింది. నాలుగో మలుపు దగ్గర ఆగి ఆలోచించింది. అవ్వ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు నొక్కుకుపోయింది. ఆలోచించి, ఆలోచించి, తిరిగింది. మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగింది. గెలిచిన జట్టుకు పట్టిన సమయానికి మూడింతలు పట్టింది, బహుమతి ఏదీ రాలేదు. కానీ చుట్టు మాత్రం పూర్తయింది. గుత్తి సార్ గడియారం చూసుకుని వెళ్ళిపోయారు.

సోమవారం నాలుగున్నరకు ఆడపిల్లల బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. మేమిద్దరం లాబ్‌లోనే కూర్చున్నాం. గుత్తి సార్ తలుపు బార్లా తెరిచి, "ఆరున్నరకొచ్చి తాళమేస్త. కడ్డీ బందువెట్టుడు మర్వకుండ్రి," అని పోయారు. మరుసటి వారానికి పదకొండుమంది అమ్మాయిలు ఆగారు. అందరూ నన్నే మెచ్చుకున్నారు, నా నోరే ఆ తాళం తీసిందని. పెళ్ళిళ్ళలో, ఆఫీసు భోజనాల బల్లల దగ్గర ఈ కథను నేనూ చాలా ఏళ్ళు అట్లాగే చెప్పుకున్నాను.

ఆ మొదటి సాయంత్రం లాబ్ దక్కింది గానీ చేయడానికి పనేమీ లేక కిటికీలోంచి ద్రాక్షతోటలు చూస్తూ కూర్చున్నాం. సోడాబుడ్డి అద్దాలు తుడుచుకుంటూ తన మామూలు గొంతుతో అంది: "నువ్వు గట్ల అడ్డం నిలవడకపోతే సార్ ఒప్పుకునేటోడా? అంత నీ వల్లనే."

లోకంలో ప్రతి మాటకూ ఎదురు చెప్పినదాన్ని. ఆ ఒక్క మాటకు మాత్రం ఎందుకో హాయిగా తలూపి ఊరుకున్నాను.