వేలాడేదల్లా బొమ్మే

మా ఇంట్లో చనిపోయిన మనిషి దగ్గు వినబడేది.

దుబాయ్ పక్కన రాస్ అల్ ఖైమాలో మాది చిన్న ఫ్లాటు. కిటికీ తీస్తే క్వారీ కొండల దుమ్ము, మూస్తే ఏసీ మోత. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే హాల్లోంచి ఖళ్లు ఖళ్లుమని దగ్గు వచ్చేది. దగ్గు ఆగాక కష్టంగా ఊపిరి లాగిన చప్పుడు, ఆ వెనకే "ఏందొదినా" అని పిలుపు. అంతా మా మరిదిదే. మరిది పోయి అప్పటికి ఏడాది దాటింది. దగ్గేది చిలక.

అతను దుబాయ్ రేవు జెబెల్ అలీలో ఒక గోదాములో పనిచేసేవాడు. వాళ్ల ముదీర్, అంటే మేనేజరు, దేశం వదిలిపోతూ ఈ ఆఫ్రికా చిలకను అతని చేతిలో పెట్టాడు. ఒళ్లంతా బూడిద రంగు, తోకొక్కటే ఎరుపు. కరోనా వచ్చిన మొదటి ఏడు అతను ఆ దగ్గుతోనే గదిలో పడుకున్నాడు, ఆ దగ్గుతోనే ఆస్పత్రికి పోయాడు, తిరిగి రాలేదు. మా ఆయనను దగ్గరికి కూడా రానివ్వలేదు. ఇక్కడి మట్టిలోనే పెట్టేశారు. తర్వాత రూములోవాళ్లు అతని బ్యాగు, చెప్పులు, ఈ పంజరం పికప్‌లో పంపించారు. తమ్ముడి చెప్పులు చూసి కూడా ఏడవని మా ఆయన, పంజరంలోంచి "ఏందన్నా, యల్లా యల్లా" అని, పద పద అంటూ తొందరపెట్టే తమ్ముడి గొంతు వినబడేసరికి గుమ్మంలోనే కూలబడ్డాడు.

నెల్లూరులో మా ఆడబిడ్డ దగ్గరుండే అత్తకు ఈ సంగతి చెప్పాం. అంతే, ప్రతి శుక్రవారం వీడియో కాలు. మేం తిన్నామా, ఉన్నామా అని ఒక్క మాట అడిగితే ఒట్టు. "చిలకను చూపించు మే" అనేది నాతో. చిలక ఫోను వైపు మెడ వంచి "ఏందమ్మా, అన్నం తిన్యావా" అనేది. "తిన్యాను నాయనా, నువ్వు తిన్యావా" అని అత్త కొంగుతో కళ్లు ఒత్తుకునేది. దగ్గు మొదలైతే మాత్రం మా ఆయన గబుక్కున ఫోను పక్కకు తిప్పేవాడు. చిన్నకొడుకు ఎట్లా దగ్గి దగ్గి పోయాడో ఆమె చెవిన పడకూడదని ఆయన పట్టుదల.

ఇక దాని సుకుమారం చెప్పాలా! అగరొత్తి వెలిగిస్తే తుమ్ములు. రంగు చెక్కల బొమ్మ తెచ్చి తగిలిస్తే ఒళ్లంతా గోక్కుని, రొమ్ము మీది ఈకలు తనే పీక్కుంది. నన్నెవరైనా చిన్నప్పుడు ఇంత అపురూపంగా చూసుంటే నేనూ మహారాణినయ్యేదాన్ని అని సణుక్కుంటూనే షార్జాలో పక్షుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమెది సిరియా. ఆమె ఇంగ్లీషు, నా హిందీ కలిసి ఎట్లాగో బండి నడిచింది. ఈ చిలకకు ఏదీ పడదు, బొమ్మలు చూసి ఎంచుకోవాలి అంది. జింకు పూత గొలుసులు వద్దు, కొరికితే విషం. నూలు తాళ్లు వద్దు, పోగులు కాలికి చుట్టుకుంటాయి, మింగితే కడుపులో ఉండకడతాయి. రంగులు వద్దు, వాసనలు వద్దు, గంటలు వద్దు. రంగు వేయని చెక్క, స్టెయిన్‌లెస్ స్టీలు అయితే సరే.

"ఇంకేం మిగిలిందమ్మా, గాలా?" అన్నాను. ఆమె నవ్వింది గానీ ఒక్కటి కూడా తగ్గించలేదు.

అప్పటినుంచి షాపులవాళ్లకు నేనంటే హడలు. ప్రతి బొమ్మనూ తడిగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూసేదాన్ని. కొక్కెం మీద జింకు తాలూకు తెల్లటి పొడి కనిపిస్తే అవతల పెట్టేసేదాన్ని. చెక్కను ముక్కు దగ్గర పెట్టుకుంటే ఒకడు "మేడం, యే పర్ఫ్యూమ్ నహీ హై" అని వెక్కిరించాడు. "మాలూమ్ హై, చుప్ బైఠో" అని వాడి నోరు మూయించాను. చివరికి నేనే చేయడం మొదలుపెట్టాను. కొబ్బరిచిప్పకు పీచంతా గీకి, ఉడకబెట్టి, స్టీలు కొక్కేనికి తగిలించాను. అక్షరాల అచ్చు లేని అట్టముక్కలు మడతలు పెట్టాను. రోడ్డు పక్కన ఖర్జూరపు ఆకు కావలసినంత ఉన్నా ముట్టుకోలేదు, వాటి మీద మందు కొడతారేమోనని భయం. ఫుజైరాలో తోటపని చేసే మా ఊరాయన మందు తగలని ఆకు తెచ్చిస్తే, మా నాయన తాటాకుతో గిలకలు అల్లినట్టు అల్లాను. చిలక వాటిని చీల్చి పోగులు పెట్టి హాయిగా ఆడుకుంది.

అప్పుడొచ్చింది తాయెత్తు.

వీడియోలో చిలక రొమ్ము బోడిగా కనబడేసరికి అత్త గుండె గుభేలుమంది. "దిష్టి తగిలింది మే. ఇరుగూ పొరుగూ అందరికీ ఫోన్లో చూపిస్తన్నా గదా, ఏ పాడు కళ్లు పడినాయో" అంది. దర్గాలో మంత్రించిన తాయెత్తు కట్టించి, సెలవు మీద ఊరెళ్లి వస్తున్న మనిషి చేతికిచ్చి పంపింది. చిటికెన వేలంత రాగి గొట్టం, రెండు కొసలూ బూడిద రంగు ముద్దతో మూసి ఉన్నాయి. మా ఆయన స్నానం చేసి వచ్చి నల్లతాడుతో పంజరం కప్పుకు కట్టాడు. దాన్ని మేం బొమ్మల్లో లెక్కపెట్టలేదు. ఎందుకు లెక్కపెడతాం? మా ఇళ్లల్లో పసిబిడ్డ మొలకు, బర్రె మెడకు, కొత్త బండి హ్యాండిలుకు కట్టేది అది. కొబ్బరిచిప్పను ఉడకబెట్టిన నేనే దాన్ని కడగనైనా లేదు. కడిగితే బలం పోతుందంటారు.

చిలకకు ఆ తాయెత్తు ప్రాణమైపోయింది. తలకిందులుగా వేలాడి దాని కొసను నాలుకతో తడిమేది, ముక్కుతో మెత్తమెత్తగా నొక్కేది. శుక్రవారం అది చూసి అత్త మురిసిపోయింది. "చూడు పెద్దోడా, ఎట్టా ముద్దాడతా ఉందో! నోరులేని జీవికి గూడా తెలస్తాది మంచీ చెడూ."

ఆ తర్వాత చిలక మాటలు పోవడం మొదలైంది. ముందు "యల్లా" పోయింది. తర్వాత "ఏందొదినా" పోయింది. రెట్ట ఆకుపచ్చగా పడేది. నీళ్లు తాగిందే తాగేది. కర్ర మీద కూర్చుంటే కాళ్ల పట్టు జారేది. దగ్గు మాత్రం పోలేదు. మా ఆయన క్వారీనుంచి వచ్చి దుమ్ము బట్టలతోనే పంజరం ముందు కూర్చుని, "ఏందన్నా అనరా, ఒక్కసారి అనరా" అని బతిమాలేవాడు. అది దగ్గేది. అచ్చం ఆస్పత్రికి పోయే ముందు ఫోన్లో తమ్ముడు దగ్గినట్టే దగ్గేది. నాకు భయమేసింది. ఆ మనిషి మా ఇంట్లో రెండోసారి చచ్చిపోతున్నాడని అనిపించింది.

తప్పు నా బొమ్మల్లోనే ఉందనుకున్నాను. అట్టముక్కలు తీసేశాను. ఆకు గిలకలు తీసేశాను. కొబ్బరిచిప్ప కూడా విప్పేశాను. పంజరం బోసిపోయింది. ఆడుకోవడానికి ఇంకేమీ లేక చిలక పొద్దస్తమానం తాయెత్తు దగ్గరే ఉండేది. అదైనా కాపాడుతుందిలే అనుకున్నాం.

ఒక ఉదయం అది కర్ర మీదినుంచి కిందపడి కాళ్లు బిగబట్టి వణికింది. తువ్వాలులో చుట్టుకుని షార్జాకు పరుగెత్తాం. డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి మమ్మల్ని లోపలికి పిలిచింది. చిలక కడుపులో బియ్యపు నూకల్లాంటి తెల్లటి చుక్కలు.

"లోహం తిన్నది. సీసం అనుకుంటా. పంజరంలో ఏముంది?" అని అడిగింది.

"ఏమీ లేదు. మీరు వద్దన్నవన్నీ తీసేశాను. ఉట్టి పంజరం" అని ఒట్టేసి చెప్పాను. నమ్మకపోతే చూడమని ఫోన్లో ఉన్న పంజరం ఫొటో చూపించాను. ఆమె ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, నల్లతాడు దగ్గర ఆగింది.

"మరి ఇదేంటి?"

"అది బొమ్మ కాదండీ, తాయెత్తు."

"చిలకకు ఆ తేడా తెలియదు. వేలాడేదల్లా దానికి బొమ్మే" అంది.

చిలకను డాక్టరమ్మ తన దగ్గరే ఉంచుకుంది. ఇంటికొచ్చి చూస్తే తాయెత్తు ఒక కొసన ఆ బూడిద రంగు ముద్ద పూర్తిగా అరిగిపోయి, లోపలి కాగితం చుట్ట కనబడుతోంది. నేను కోపం ఆపుకోలేకపోయాను. "మీ అమ్మకు చెప్పయ్యా. ఆమె పంపిందే చిలకను తినేసిందని చెప్పు. ఇంకెవరింటికైనా ఇట్టాంటిది పంపకముందే చెప్పు" అని అరిచాను.

"చెప్పబాకే, నీకు దండం పెడతా. ఒక కొడుకును పోగొట్టుకుంది. రెండోసారి తన చేత్తోనే పోగొట్టుకున్నానని తెలిస్తే బతకదు" అన్నాడు.

డాక్టరమ్మ రోజూ సూదిమందు వేసి చిలకను బతికించింది. బతికించింది గానీ, ఇంటికి తెచ్చాక అది నోరు విప్పలేదు. మాట లేదు, ఈల లేదు, ఆఖరికి దగ్గు కూడా లేదు. ఇల్లంతా ఏసీ మోత ఒక్కటే. ఆ దగ్గు కోసం నేను చెవులు రిక్కించి కూర్చుంటానని ఎప్పుడైనా అనుకున్నానా! రెండు శుక్రవారాలు నెట్ బాగాలేదని అత్తకు అబద్ధం చెప్పాం. మూడో శుక్రవారం ఆమె వినలేదు. "చూపిస్తారా, ఫ్లైటెక్కి రమ్మంటారా?" అంది.

మా ఆయన నా చేతికి ఫోనిచ్చి, పంజరం వెనక నేల మీద కూర్చుని, మీద దుప్పటి లాక్కున్నాడు. నేను చిలకను చూపించాను. అది ఎటో చూస్తోంది. దుప్పటి కింద నుంచి గొంతు వచ్చింది.

"ఏందమ్మా, అన్నం తిన్యావా."

ఆ గొంతు అచ్చం మరిదిదే. ఒక కడుపున పుట్టినవాళ్లు మరి. అత్త ఎప్పట్లా కొంగు ఎత్తలేదు. ఫోను దగ్గరికి లాక్కుని, కదలని చిలక ముక్కునే చూసింది. ఇదే అదను, ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"తిన్యాను నాయనా" అంది అత్త. తర్వాత నావైపు చూసింది. "ఇంకో తాయెత్తు కట్టిస్తా మే. ఈసారి చిలక్కి కాదు. పెద్దోడి మెడకు. వాణ్ణి గూడా పోగొట్టుకోలేను."

దుప్పటి కింద మా ఆయన వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు ఫోనులోంచి ఆమెకూ వినబడుతోంది.

"పంపించత్తా, నేనే కడతా" అన్నాను.