అవ్వ చేతి బోణీ క్లిక్కు

ఆ రోజుల్లో ఇంటర్నెట్ అంటే గంటల లెక్కన అద్దెకు దొరికే వస్తువు, అదీ పక్కవాడి మోచెయ్యి పొడుస్తుంటే. అలాంటి కాలంలో ఒక సెర్చ్ ఇంజిన్ సొంతంగా ప్రకటనల పథకం మొదలుపెట్టింది. వెతికేవాళ్లకు మన ప్రకటన కనిపిస్తుంది, ఊరికే చూసి వెళ్లిపోతే పైసా ఖర్చు లేదు, ఎవరైనా నొక్కితేనే మనం కట్టిన సొమ్ములో కోత. ఈ సంగతి చదివిన రోజు నా కాళ్లు నేల మీద లేవు. మరి కంప్యూటర్ డిగ్రీ చేతపట్టుకుని శ్రీకాళహస్తిలో మా మేనమామ కలంకారీ కొట్టులో దుప్పట్లు మడతపెడుతున్నదాన్నాయె.

మామను ఒప్పించడానికి వారం పట్టింది. (నా కోసం అత్త ఒకపూట వంట మానేసింది. అసలు పనిచేసింది అదే.) ఆయన షరతు పెట్టాడు. "సరే పాపా, నీ ముచ్చట తీర్చుకో. సాయంత్రం లోపల బయటూరోళ్లు ఒకరన్నా సూసి ఫోన్ చేస్తే కొట్టుకి కంప్యూటర్ కొంటా. లేదంటే సోమవారం నించి శ్రీ సిటీ బస్సెక్కు. ఆడ ఫ్యాక్టరీల్లో ప్యాకింగుకు మనుషులు కావాలంట." ఆ పని తక్కువదని కాదు గానీ, నేను నేర్చిన విద్యను కూడా అట్టపెట్టెలో పెట్టి టేపు వేసేస్తారని నా భయం.

పక్కనున్న ఇంటర్నెట్ సెంటర్లో పొద్దున్నే ప్రకటన తెర మీదికొచ్చింది. మా కొట్టు పేరు చూసి నేను గంతేశాను. వారం రోజులు వెక్కిరించిన మామ చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, బోణీ ఎవరితో చేయిస్తావని అడిగాడు. ఎదురుగా పూలమ్మే అవ్వ చెయ్యి మంచిదని మావాళ్ల నమ్మకం. రోజూ ఆమె రూపాయి పెట్టి ఒక గుడ్డముక్క కొంటేగాని మామ గల్లాపెట్టె తెరవడు. అవ్వను పిలిచారు. ఆమె మౌసుకు కుంకుమ పెట్టి, ఒంటిసంఖ్య ఎందుకులెమ్మని రెండుసార్లు నొక్కింది. తర్వాత మామ, అత్త, టీకొట్టాయన, అతని బావమరిది. నియమాలన్నీ చదివింది నేనొక్కదాన్నే, ఆపాల్సింది కూడా నేనే. ఆపానా? "ఇంకెవరు నొక్కలేదు?" అని కేకలేసింది నేనే. అంతటితో ఊరుకోక తిరుపతిలో చుట్టాలందరికీ, చిత్తూరులో నాయనకూ ఫోన్లు చేసి గొప్పలు చెప్పుకున్నాను. తిరుపతిలో అత్త తమ్ముడి ఆఫీసు మొత్తం నొక్కింది.

పది గంటలకు ప్రకటన మాయమైంది. కట్టిన సొమ్ము అయిపోయిందని, కోతలన్నీ మన క్లిక్కులకేనని నసుగుతూ చెప్పాను. మామ బయటికెళ్లి చెప్పులు తొడుక్కుంటూ అడిగాడు.

"అంటే, పిలిచినోళ్లు రాకముందే పెండ్లి భోజనాలు మనమే తినేసినామా?"

ఆ మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు. శ్రీ సిటీ బస్సు ఎన్నింటికో కూడా కనుక్కుని పెట్టుకున్నాను. నాలుగింటికి ఫోన్ మోగింది. మామ విని విని కళ్లు పెద్దవి చేశాడు. చిత్తూరు మామిడి మండీలో ఎవరో గుమాస్తా, పొద్దున కంప్యూటర్లో చూశాడట, రెండు దుప్పట్లు కావాలట. నేను అత్తను పట్టుకుని గిరగిరా తిప్పేశాను. అవ్వ మాత్రం తన చెయ్యి అంతేనని తాపీగా పూలు కట్టుకుంది. వచ్చే వారమే కొట్టులోకి కంప్యూటర్ వచ్చింది.

ఏడాది తర్వాత చిత్తూరులో మా ఇంట్లో బీరువా సర్దుతుంటే రెండు కలంకారీ దుప్పట్లు బయటపడ్డాయి, మడత విప్పనివి, నేను కట్టిన దారం ముడితోనే. నాయన మామిడి మండీలోనే పనిచేసేవాడు. ఎక్కడివని అడిగితే తలగోక్కున్నాడు. "నువ్వు ఫోన్ సేసినాక బస్టాండు కాడ సెంటర్లో నొక్కించుకుని సూసినా. మజ్జానం మీ అత్త ఫోన్ సేసి, పాప అన్నం తినలేదనె. నా గొంతు మీ మామ పట్టేస్తాడని గుమాస్తాతో మాట్లాడించినా."

ఇప్పుడు తిరుపతిలో నాకు సొంత ఆఫీసుంది. పదిమందికి ప్రకటనలు నడిపిస్తాను. మీ ఇంటివాళ్లు పొరపాటున కూడా నొక్కకూడదని వచ్చినవాళ్లందరికీ గట్టిగా చెబుతాను. మొన్న నా ఆఫీసుకే ప్రకటన వేసుకుంటే నాయన ఫోన్ చేశాడు. తెర మీద కనిపిస్తా ఉండాదట, తాకమంటావా వద్దా అని అడిగాడు. నియమాలు నాకంటే బాగా ఎవరికి తెలుసు? అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, గొంతు తగ్గించాను.

"ఒక్కసారి నొక్కు నాయనా, బోణీకి."