బందు పడని మిషన్

తాండూరు బస్టాండు నుంచి రాయి పాలిషింగ్ యూనిట్ల వైపు పోయే దారిలో నాకు స్పేర్ పార్టుల కొట్టు ఉంది. మందు కొట్టే పంపులకు, గడ్డి మిషన్లకు, చెట్లు కోసే మిషన్లకు సామాన్లు అమ్ముతాను. నా పేరు చంద్రశేఖర్. అందరూ సేటు అంటారు, అనొద్దంటే వినరు. నా కొట్టు ముందు రేకుల పందిరి కింద ఉస్మాన్ అనే మెకానిక్ కూర్చుంటాడు. పందొమ్మిదేళ్లుగా అక్కడే ఉన్నాడు. అద్దె తీసుకోను. అతని దగ్గరికి వచ్చినవాడు సామాను నా దగ్గరే కొంటాడు కాబట్టి, ఇందులో నా మంచితనం వెతకొద్దు.

ఉస్మాన్ నోరు ఊరుకునేది కాదు. మనుషులు దొరక్కపోతే మిషన్లతో మాట్లాడేవాడు. కార్బొరేటర్ విప్పుతూ దాన్ని తిట్టేవాడు, వెంటనే బుజ్జగించేవాడు. మా ఊళ్లో తెల్లటి రాతిపొడి దూరని సందు లేదు. ఫిల్టరు దాటి కార్బొరేటర్‌లోకి కూడా పోతుంది. ఆ పొడిని వేలికి రాసుకుని, ఈ మిషన్ ఏ వైపు నుంచి వచ్చిందో చెప్తానని పందెం కాసేవాడు. సగం సార్లు తప్పే చెప్పేవాడు. అయినా సిగ్గుపడేవాడు కాదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చెట్టు కోసే మిషన్‌కు రేస్ అని ఒకటి ఉంటుంది. యాక్సిలేటర్ వదిలేసినప్పుడు ఇంజన్ తిరిగే వేగం అది. సరిగ్గా ఉంటే ఇంజన్ నడుస్తుంది, కోసే గొలుసు మాత్రం కదలదు. కానీ మా వైపు చెట్టెక్కి కొమ్మలు కోసేవాళ్లకు మిషన్ ఆగడమంటే భయం. కొమ్మ మీద నిలబడి ఒక చేత్తో తాడు గుంజి మళ్లీ స్టార్ట్ చేయడం మామూలు విషయం కాదు. అందుకని "బందు పడకుండ పెట్టు భాయ్" అంటారు. మెకానిక్ స్క్రూ ఇంకొంచెం తిప్పుతాడు. ఇక ఇంజనూ ఆగదు, గొలుసూ ఆగదు. మెల్లగా పాకుతూనే ఉంటుంది. ఆ మిషన్‌ను అలాగే నడుముకు తగిలించుకుని పైకొమ్మకు ఎక్కుతారు. ఇది తప్పని తెలియనివాడు లేడు. నాకు తెలిసిన మెకానిక్‌లలో స్క్రూ తిప్పనన్నవాడూ లేడు.

బాల్‌రాజ్‌ది బషీరాబాద్. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి, చెట్టెక్కాడంటే కింద నిలబడి చూడబుద్ధయ్యేది. జూన్ మొదటి వారంలో మిషన్ పట్టుకుని వచ్చాడు. వానలకు ముందు వాళ్లకు తీరిక ఉండదు. ఇళ్ల మీదికి ఒరిగిన చెట్లున్నవాళ్లందరికీ అప్పుడే గుర్తొస్తుంది. మిషన్ నిమిషానికోసారి ఆగిపోతోందన్నాడు. ఉస్మాన్ కార్బొరేటర్ విప్పి చూశాడు. లోపల పెట్రోలు లాగే పలుచటి రబ్బరు పొర ఎండి, గట్టిపడి, అప్పడంలా అయిపోయింది. బాడీ కూడా అరిగింది.

"గిది పనికి రాదు. మొత్తం కొత్తదే ఎయ్యాలె" అన్నాడు ఉస్మాన్.

నా దగ్గర ఆ రకం లేదు. హైదరాబాద్ నుంచి పార్సెల్‌లో తెప్పించాలన్నాను.

"రేపు వికారాబాద్‌ల చెట్టున్నదన్నా. మాటిచ్చిన. జర రేస్ పెంచు, కొత్తది వచ్చినంక మార్చుకుంట" అన్నాడు బాల్‌రాజ్.

ఉస్మాన్ స్క్రూడ్రైవర్ తీసి మళ్లీ కింద పెట్టాడు. నేనే లోపలి నుంచి, "చేసి పంపు భాయ్, ఆయన్నెందుకు పరేషాన్ చేస్తవు" అన్నాను. అతను స్క్రూ తిప్పాడు. మిషన్ బ్రహ్మాండంగా నడిచింది. బాల్‌రాజ్ సంబరపడి ఇద్దరికీ చాయ్ తాగించి పోయాడు.

మర్నాడు మధ్యాహ్నం బాల్‌రాజ్ వెంట పోయిన మనిషి ఉస్మాన్‌కు ఫోన్ చేశాడు. వేపచెట్టు సగం దాకా కోశాక నడుముకు కట్టుకున్న తాడు తెగి, కింద నాపరాళ్ల చప్టా మీద పడ్డాడట. ఆసుపత్రికి తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. తాడు పాతదని అందరూ అన్నారు. పోలీసులూ అదే రాసుకున్నారు.

ఆ ఫోన్‌లో ఉస్మాన్ ఒక్కటే అడిగాడు. "పడ్డప్పుడు మిషన్ నడుస్తుండెనా, బందుండెనా?"

నడుస్తూనే ఉందని చెప్పాడు. ఉస్మాన్ ఫోన్ పక్కన పెట్టి, చేతిలో ఉన్న పంపు బిగించడం పూర్తి చేశాడు. నాజిల్ పెట్టి, నీళ్లు పోసి, కొట్టి చూసి కస్టమర్‌కు ఇచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మనిషివా, రాయివా అని అరిచాను. అతను నా వైపు చూసి, "రాయైతె మంచిగుండు సేట్" అన్నాడు. గొంతులో బాధ కూడా లేదు.

ఆ తర్వాత నెలన్నర అలాగే గడిచింది. ఉస్మాన్ పొద్దున్నే వచ్చేవాడు, పని చేసేవాడు, పోయేవాడు. మిషన్లతో మాటలు ఆగిపోయాయి. ఒకరోజు కూరలో ఉప్పు వేయడం మరిచిపోతే గిన్నె మొత్తం తిని లేచిపోయాడని అతని భార్య షాహజాది మా ఇంట్లో చెప్పి భయపడింది. నేను అతన్ని తిట్టాను కానీ నా సంగతి మాత్రం ఏం గొప్పగా ఉంది? కొట్టు తెరిచాను, అమ్మాను, తిన్నాను, పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది. బాల్‌రాజ్ దినాలు కాకముందే అతని కోసం చెప్పిన కార్బొరేటర్ పార్సెల్ వచ్చింది. విప్పి అరలో పెట్టాను. ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని చూశాను. ఏమీ అనిపించలేదు.

జులై మూడో వారంలో బాల్‌రాజ్ భార్య పుష్పమ్మ వచ్చింది. వెంట ఆమె తమ్ముడు వేణు గోనెసంచిలో ఆ మిషన్ మోసుకొచ్చాడు.

"మా తమ్ముడు ఎక్కుతడంట, భాయ్. ఇద్దరు పిల్లలున్నరు, ఏదో ఒకటి నడువాలె గద. జర బాగుచేసియ్యి. పొద్దుమీకి వస్తం" అంది.

వాళ్లు బజారు వైపు పోగానే నేను బయటికొచ్చాను. "కొత్త కార్బొరేటర్ బిగించి పంపు. పాతది తుక్కులో పడెయ్యి. నోరు తెరవకు. పోలీసులు తాడని రాసుకున్నరు, ఆమె కూడా తాడే అనుకుంటుంది. చెప్తే ఆమెకేమొస్తది? నీ ఇల్లు నడువొద్దా?" అన్నాను. నా మాటలో తప్పు లేదనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ రోజు నేనన్న మాట కూడా బయటికొస్తుందని నా భయం.

ఉస్మాన్ గోనెసంచి విప్పుతూనే అన్నాడు. "వేణు అడుగుతడు సేట్. రేస్ పెంచుమని అడుగుతడు."

"పెంచకు. అంతే."

"నేను పెంచకుంటె ఇంకోని దగ్గర పెంచుకుంటడు. ఎందుకొద్దో చెప్పాలె గద."

అరలోంచి కొత్త కార్బొరేటర్ తీసి అతని ముందు పెట్టి లోపలికి వచ్చేశాను. అతను పాతది తీశాడు, పెట్రోలు పైపు మార్చాడు, కొత్తది బిగించాడు, రెండు మూడు సార్లు స్టార్ట్ చేసి చెవి పెట్టి విన్నాడు.

ఆ సాయంత్రం వాళ్లు తిరిగొచ్చేసరికి చీకటి పడలేదింకా. మా దగ్గర తీసిన పాత సామాను కస్టమర్ చేతిలో పెట్టడం రివాజు. లేకపోతే మార్చలేదని అనుమానపడతారు. తుక్కులో పడెయ్యమని నేను చెప్పిన పాత కార్బొరేటర్‌ను ఉస్మాన్ గుడ్డతో తుడిచి పుష్పమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

వేణు మిషన్ స్టార్ట్ చేసి, యాక్సిలేటర్ వదిలి, చెవి వంచి విన్నాడు. "మస్తు చిన్నగున్నది అన్నా. చెట్టు మీద బందు పడుతది. ఇంకో జర పెంచు."

ఉస్మాన్ వంగి, ఇంజన్ నడుస్తుండగానే తన అరచెయ్యి తీసుకెళ్లి గొలుసు పళ్ల మీద పెట్టాడు. గొలుసు కదల్లేదు. అతను చెయ్యి తీయలేదు.

"గిట్ల ఉండాలె. చెయ్యి పెడితె తెగొద్దు" అన్నాడు. తర్వాత పుష్పమ్మ వైపు తిరిగాడు. "బాల్‌రాజ్‌ది గిట్ల లేకుండె, చెల్లె. తాడు పాతదై తెగలె. నడుముకున్న మిషన్ గొలుసు తాకి తెగింది. లోపల గా కార్బొరేటర్ కరాబైతె, కొత్తది ఎయ్యకుండ నేనే స్క్రూ తిప్పి రేస్ పెంచి ఇచ్చిన. తప్పని తెలిసే ఇచ్చిన."

వేణు మిషన్ ఆపాడు. దారిన ఒక రాళ్ల లారీ పోయింది. వేణు ఉస్మాన్ మీదికి వస్తాడేమోనని నేను కౌంటర్ దాటి బయటికి వచ్చాను. అతను రాలేదు. అక్క ముఖమే చూస్తున్నాడు.

"గప్పుడే కొత్తది ఎందుకెయ్యలె?" అంది పుష్పమ్మ.

"ఇక్కడ లేకుండె. నేనే చేసి పంపుమన్న, అమ్మా" అన్నాను. ఎలా అన్నానో తెలియదు. పొద్దున ఉస్మాన్‌కు నీతులు చెప్పిన నోరే.

ఆమె నా వైపు తిరిగింది. చేతిలో కార్బొరేటర్ అలాగే ఉంది. "తెప్పిస్తె ఎన్ని దినాలల్ల వస్తుండె, సేటు?"

"నాలుగు దినాలు."

"నాలుగేనా?" అందామె. ఏడవలేదు, శాపాలు పెట్టలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు మెల్లగా అంది. "నాలుగు దినాలు ఇంట్ల ఉండుమని మీరొక్క మాట అంటె ఉంటుండె. పిలగాండ్లు గూడ సంబురపడుతుండిరి."

ఉస్మాన్ పందిరి గుంజకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. నెలన్నర తర్వాత అప్పుడు ఏడ్చాడు, నూనె చేతులతో ముఖం కప్పుకుని, దారిన పోయేవాళ్లు ఆగి చూసేంత గట్టిగా. నేను కూడా ఏడుస్తానేమో అనుకుని నిలబడ్డాను. వేణు మళ్లీ రేస్ పెంచమనకుండా మిషన్‌ను సంచిలో పెట్టుకున్నాడు, పుష్పమ్మ ముందు నడిచింది, బషీరాబాద్ ఆటో ఎక్కి వాళ్లిద్దరూ పోయారు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.