బోధన్‌లో పెద్దమ్మతో విన్న విడిపోయినవాళ్ల పాట

విడాకుల కేసు చివరి వాయిదాకు ఇంకా వారం ఉంది. కోర్టు వరండాలో కిరణ్ ఎదురుపడితే ఏడవకుండా ఉండగలనా అన్నదే నా భయం. ఆ రోజుల్లో ఫోన్లో ఒకే పాట పదేపదే వింటున్నాను. భర్త వదిలి వెళ్లిన ఒక స్త్రీ పాడే, అరవైల నాటి ఇంగ్లీషు పాట. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "గీ పాట రికార్డు బోధన్‌ల మీ పెద్దమ్మ దగ్గర ఉండె. ఒకసారి పొయి రా" అంది. శాంత పెద్దమ్మనూ భర్త వదిలేశాడని మాత్రమే నాకు తెలుసు. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు.

కాచిగూడలో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నం కాకముందే నిజామాబాద్ చేరాను. అక్కడి నుంచి బోధన్‌కు బస్సులు తరచుగా ఉంటాయి, సుమారు గంట ప్రయాణం. రెండు టికెట్లూ కలిపి రెండు వందల లోపే. ఒకప్పుడు దారి పొడుగునా చెరకు ఉండేదట. ఇప్పుడు ఎక్కువగా వరి కనిపించింది. బోధన్‌లో దిగి, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ వెనక వీధికి ఆటో మాట్లాడాను.

"గక్కడ ఎవరింటికి అక్కా?" అన్నాడు డ్రైవరు.

"శాంత టీచర్ ఇంటికి."

"మాకు లెక్కలు చెప్పింది గా అమ్మనే" అని నేరుగా గుమ్మం ముందే దింపాడు.

పెద్దమ్మ జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టింది. తిన్నాక రికార్డు తీసింది. ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉన్న ఒక ఇంజినీరు భార్య, బదిలీ మీద వెళ్తూ ప్లేయరుతో సహా ఇచ్చిందట. మొదట గరగర. తర్వాత మెత్తని డ్రమ్స్, ఏదో చెప్పబోయి ఆగిపోయే ట్రంపెట్. గాయని గొంతు ఎక్కడా హెచ్చదు. తిట్టదు, తిరిగి రమ్మని బతిమాలదు. తన కన్నీళ్లు అతను చూడకూడదన్నదొక్కటే ఆమె కోరిక. ఆమె ఆగిన చోటల్లా వెనకనున్న ఆడగొంతులు అదే మాటను అందుకుంటాయి. ఇన్నాళ్లూ ఆ పాటలో నాకు దుఃఖమే వినిపించేది. ఆ మధ్యాహ్నం, దాన్ని దాచడానికి ఆమె పడే కష్టం వినిపించింది.

"ఆయన ఇంకో ఆమెను చేసుకొని గీ ఊర్లనే ఉండె" అంది పెద్దమ్మ. "అంగట్ల కనవడితే తల తిప్పుకొని పోతుంటి. ఇంటికొచ్చి గిది పెట్టుకొని ఏడుస్తుంటి."

"కోర్టులో నాకు ఏడుపొస్తే ఎట్లా పెద్దమ్మా?"

"రానియ్యి. నేను ఏండ్లకేండ్లు దాసుకున్న. గదేం గొప్ప పని కాదు. పాట మంచిదే బిడ్డా, గని గట్ల బతకొద్దు."

సాయంత్రం బస్టాండుకు నడుస్తుండగా పెద్దమ్మ ఒక ఇంటి ముందు ఆగింది. అరుగు మీద బీడీలు చుడుతున్న ఒకావిడ చేట పక్కన పెట్టి లేచింది.

"కూసో అక్కా. గీ పిల్ల ఎవరు?"

"మా చెల్లె బిడ్డ. బస్సు ఎక్కించొస్త, చాయ్ పెట్టు."

కొంత దూరం వచ్చాక పెద్దమ్మ నెమ్మదిగా చెప్పింది. "గామెనే ఆయన రెండో భార్య. ఆయన సచ్చిపోయిన నాడు ఆమె ఒక్కతే కూసొని ఉండె. నేనే పొయి పక్కన కూసున్న. ఇద్దరం ఏడ్సినం. ఊరంత సూసింది."

వారం తర్వాత కోర్టు వరండాలో కిరణ్ ఎదురొచ్చాడు. నా కళ్లు నిండాయి. తల తిప్పుకోలేదు, తుడుచుకోనూ లేదు. అతనే చూపు దించుకున్నాడు. లోపలికి వెళ్లి సంతకం చేశాను. ఆ పాట ఇప్పటికీ వింటాను. అంత అందంగా దుఃఖాన్ని దాచుకున్న ఆ గాయనికి, పక్కన వచ్చి కూర్చునే మనిషి ఒకరు దొరికి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

బోధన్ వెళ్లేవారికి ఒక మాట: పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. కానీ అక్కడ మీవాళ్లెవరైనా ఉంటే తిరుగు టికెట్ మర్నాటికి తీసుకోండి. అసలు మాటలు బయల్దేరే వేళకే మొదలవుతాయి.