బట్టీ పిల్ల వాళ్ళమ్మ

తిరుత్తణి థియేటర్లో మా నాయన ఏడవడం నేను కళ్ళారా చూశాను. తెరమీద ఇటుకబట్టీలో పనిచేసే ఒక పిల్ల, పుస్తకాలు లాక్కున్న యజమానిని ఎదిరించి పరీక్షకు పరుగెత్తుతోంది. నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "వీడికి పుట్టగతులుండవు" అని ఆ యజమానిని తిట్టాడు. అమ్మ రాలేదు. మర్నాటి నేతకు కండెలు కావాలి కాబట్టి ఇంట్లో రాట్నం ముందు కూర్చుని నూలు చుడుతోంది.

కండె లేనిదే మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆడదు, నాడె ఆడనిదే చీర లేదు. అయినా మా ఇళ్ళలో నేతగాడంటే మగ్గంలో కూర్చున్న మగవాడే. రాట్నం తిప్పే ఆడవాళ్ళు మాత్రం ఇంట్లో ఊరికే ఉంటారట. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మర్నాడు పొద్దున తిరువళ్ళూరు కాలేజీలో చేరడానికి నేను బయలుదేరుతుంటే, ఆ ఏడ్చిన మనిషే వాకిట్లో అడ్డం నిలబడ్డాడు.

"యాడికి పాపా? నువ్వు పోతే కండెలు యెవరు సుడతారు? మీయమ్మ వొక్కతే యెంతని సుడతాది?"

"నిన్న ఆ పిల్ల కోసరం యేడిస్తివి గదా నాయనా."

"అది సినిమా."

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. పొరుగింటి పిల్ల కష్టమూ అంతేనేమో. పరీక్ష తప్పి ఇంట్లో కూర్చున్న మా అన్నను ఒక్క కండె చుట్టమని ఎవరూ అడగలేదు. అడిగితే మగపిల్లవాడి పరువు పోదూ మరి!

అమ్మ వాదించలేదు. పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చి రాట్నం ముందు కూర్చుని, నా వంతు నూలును కూడా తన ముందుకు లాక్కుంది.

"దాని పని గూడా నేనే జేస్తా" అని నాయనతో అని, నా వైపు తిరిగింది. "నువ్వు పోమే, రైలుకు టైమయింది."

అలా చదివాను. ఇప్పుడు తిరువళ్ళూరులోనే ఉద్యోగం. చుట్టాల పెళ్ళిళ్ళలో నాయన, "ఆడబిడ్డని సదివించినా" అని చెప్పుకుంటాడు, అందరూ ఆహా అంటారు. అమ్మ ఊసు ఒక్కరూ ఎత్తరు.

మొన్న ఆదివారం ఆ సినిమా ఫోన్లో పెట్టి అమ్మకు చూపించాను. కుడి భుజం లేవడం లేదు, ఎడమచేత్తో రాట్నం తిప్పుతూనే చూసింది. బట్టీ పిల్ల పెద్ద ఆఫీసర్ అయి కారు దిగడంతో సినిమా అయిపోయింది.

"ఆ పిల్ల సదివేసింది, సంతోషం" అంది అమ్మ. "వాళ్ళమ్మ యేమైనాది? ఇంకా బట్టీలోనే వుందా?"

సినిమాను వెనక్కి జరిపి చూశాను. ఇంటర్వెల్‌కు ముందు ఇటుకలు మోస్తూ కనిపించింది. ఆ తర్వాత ఎక్కడా ఆమె లేదు.