వెనక సీటు లేని రేసు బండి

ఆ రోజుల్లో అనగానే మీరు కిరోసిన్ దీపాలు, ఎడ్లబండ్లు ఊహించుకుంటారేమో. అంత వెనక్కి పోనక్కర్లేదు. నేను చెప్పే ఆ రోజుల్లో కూడా అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లే, అందరి తలల్లో రీల్సే. నా తలలో మాత్రం వాటితో పాటు ఒక సైలెన్సర్ కూడా మోగుతూ ఉండేది. జనగామలో ఒక మోటార్‌సైకిల్ షోరూంలో విడిభాగాల కౌంటర్ దగ్గర కూర్చునేవాణ్ణి. అద్దం పగిలిందని వచ్చినవాళ్లకు అద్దం, బ్రేకు తీగ తెగిందని వచ్చినవాళ్లకు తీగ ఇవ్వడం నా ఉద్యోగం. నా లెక్కలో మాత్రం నేను రేసర్‌ని. (పని అయ్యాక తరిగొప్పులకు ఇంటికి పోయే దారిలో ఆర్టీసీ బస్సును దాటేయడం తప్ప నాకు వేరే రేసింగ్ అనుభవం లేదు. ఆ బస్సు కూడా అప్పుడు స్టాపులో ఆగి ఉండేది.)

అలాంటి నా బతుకులోకి ఒక రోజు కంపెనీ నుంచి చల్లని కబురు వచ్చింది. మా వైపు పిల్లలు కొత్త బండి కొన్న వారానికే సైలెన్సర్ కోసేసి, ఏవేవో సామాన్లు బిగించి, పెద్ద రోడ్డు మీద పందేలు పెట్టుకుంటున్నారు కదా, ఆ సామాన్లేవో మేమే వారంటీతో అమ్ముతాం, ఆ పందేలేవో మేమే పోలీసుల అనుమతితో పెడతాం అని కంపెనీ వాళ్లు నిర్ణయించారు. వేగం పెంచే ఆ సామాన్లను పెర్ఫార్మెన్స్ పార్ట్స్ అంటారట. పందెం పేరు డ్రాగ్ రేస్. అందులో మలుపులూ చుట్లూ ఏమీ ఉండవు. తిన్నటి రోడ్డు మీద రెండు బండ్లను పక్కపక్కన నిలబెట్టి జెండా ఊపుతారు, ఎవరు ముందు అవతలి గీత దాటితే వాళ్లు గెలిచినట్టు. జనగామ, మానుకోట, భూపాలపల్లి షోరూంల నుంచి ఒక్కొక్కరు రావాలి. (మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అనే అంటాం.) గెలిచిన ఊరికి ఆ పార్ట్స్ అమ్మే ప్రత్యేక కౌంటర్ ఇస్తారు, గెలిచినవాడే దానికి ఇన్‌చార్జి. ఈ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు.

సహించకపోవడానికి ఇంకో కారణం మా బాపు. మా పెదనాయినకు తరిగొప్పులలో ఎరువుల దుకాణం ఉంది. నన్ను అందులో కూర్చోబెట్టాలని బాపు ఎప్పటి నుంచో చూస్తున్నాడు. నేను రేసు సంగతి చెప్పగానే చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టి, "సరే. గా కౌంటరేందో గెలుచుకొని రా, మళ్ల నీ జోలికి రాను. ఓడిపోతే మాత్రం గులుగకుంట పోయి మీ పెదనాయిన పక్కన కూసోవాలె, ఒప్పుకుంటవా?" అన్నాడు. "ఒప్పుకుంట" అన్నాను. యూరియా బస్తాల మధ్య కూర్చుని, "పెదనాయినా, ఎన్ని బస్తాలు?" అని అడిగే నా భవిష్యత్తు కళ్ల ముందు కనపడింది.

కంపెనీ పంపిన కిట్ వచ్చిన రోజు షోరూంలో పెండ్లి కళ. కొత్త సైలెన్సర్, కొత్త ఎయిర్ ఫిల్టర్, కొత్త పళ్ల చక్రం, వాటితో పాటు ఒంటి సీటు. అంటే వెనక మనిషి కూర్చునే చోటు పూర్తిగా తీసేసి, అక్కడ నున్నటి మూత ఒకటి బిగిస్తారు. బరువు తగ్గుతుంది, గాలి అడ్డు తగలదు, చూడడానికి కందిరీగలా ఉంటుంది. మిగతా రెండు ఊళ్ల వాళ్లు ఆ సీటు జోలికి పోలేదని తెలిసి నేను లోలోపల పొంగిపోయాను. బండి బరువు తగ్గింది కదా, ఇక నా బరువు తగ్గిద్దామని రాత్రి అన్నం మానేశాను. మా అమ్మ తట్టుకోలేకపోయింది. "బండి సన్నగ గావాల్నంటే నువ్వెందుకు ఎండుతున్నవ్‌రా? గా పెట్రోలన్న తక్కువ పొయ్యి, పిడికెడంత బువ్వ తిను" అని నా వెనకాలే కంచం పట్టుకుని తిరిగేది.

రేసు దంతాలపల్లి దగ్గర, కొత్తగా వేసి ఇంకా తెరవని రోడ్డు మీద. అటు పొలాలు, ఇటు తండా. రోడ్డు పొడుగునా రిబ్బన్ కట్టారు. హైదరాబాద్ నుంచి టోపీ పెట్టుకుని ఒక కంపెనీ అధికారి వచ్చాడు. మేం ముగ్గురం రేసుకు ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టుకుంటుంటే దగ్గరికొచ్చి వంగి చూసి, "ఇవి మన కిట్‌లో లేవు కదా?" అన్నాడు. మానుకోట తమ్ముడు మర్యాదగా, "ఇయ్యి లోకల్ పార్ట్స్ సార్" అని చెప్పాడు. ఆ తమ్ముడే మొదటి రౌండ్‌లో జెండా లేవకముందే దూకి బయటికి పోయాడు. ఇక ఫైనల్‌లో మిగిలింది నేనూ, భూపాలపల్లి నుంచి వచ్చిన ఒక మీసాల అన్నా. ఆయన బండి మీద ఇంకా ఇంటి సీటే, దాని మీద ఇంటి పూల కవరే. అది చూసి గెలుపు నాదే అనుకున్నాను.

జెండా ఊగింది. అబ్బ, ఆ క్షణం! ఇప్పటికీ చెబుతాను, నా జన్మలో అంత సంతోషం ఎరగను. బండి నన్ను వదిలేసి పోతుందేమో అన్నట్టు ఉరికింది, మీసాల అన్న మీసం నా కంటి కొన నుంచి మెల్లగా వెనక్కి జరిగింది, కౌంటర్ నాదైపోయింది. సరిగ్గా సగం దారిలో, తండా వైపున, రిబ్బన్‌ను తల మీది నుంచి ఎత్తి ఒక అవ్వ రోడ్డు అంచుకు వచ్చి నిలబడింది. చంకలో సంచి, సంచిలోంచి కోడి తల. మమ్మల్ని చూసి చెయ్యెత్తింది.

మీరు ఏ ఊరివారో నాకు తెలియదు. మా వైపు మాత్రం దారిలో అవ్వ చెయ్యెత్తితే బండి ఆగుతుంది. ఆపాలా వద్దా అని ఎవరూ ఆలోచించరు, చెయ్యి దానంతట అదే బ్రేకు మీదికి పోతుంది. నాదీ పోయింది. పక్కకు చూస్తే మీసాల అన్నదీ పోయింది. ఇద్దరం అవ్వను దాటి కొంత దూరం జారి ఆగి, అలవాటు ప్రకారం కాళ్లతో బండ్లను వెనక్కి నెట్టుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాం. వెనక మైకులో కంపెనీ అధికారి, "ఏమైంది? ఏమైంది?" అని అరుస్తూనే ఉన్నాడు.

"మంచిగొచ్చిండ్రు బిడ్డా, దేవుడు పంపినట్టు! మనుమరాలు బాలింతగున్నది, జర దంతాలపల్లిల దింపుండ్రి" అంది అవ్వ.

"అవ్వా, రేసు నడుస్తుంది" అన్నాను నేను, ఊపిరి ఆడక.

"నడువనియ్యి బిడ్డా, నన్ను దింపినంక నడిపిచ్చుకోండ్రి" అని, ముందు ఆగినందుకు నా మీద గౌరవంతో నా బండి దగ్గరికే వచ్చింది. వచ్చి, నున్నటి మూత మీద చెయ్యి పెట్టి, "ఎనుక సీటేది?" అంది.

"తీసేసిన అవ్వా. బరువు తగ్గాలని."

అవ్వ నన్ను కింది నుంచి పై దాకా జాలిగా చూసింది. "మనిషి కూసునే జాగ తీసేసినవా? నీకింక పెండ్లి గాలేదా ఏంది బిడ్డా?"

మీసాల అన్న నవ్వు ఆపుకోలేక హ్యాండిల్ మీద వాలిపోయాడు. అవ్వ పోయి ఆయన పూల కవరు మీద ఒక పక్కకు కాళ్లు వేసి కూర్చుంది. కూర్చుని, రెండు చేతులా ఆయన్ని పట్టుకోవాలి కాబట్టి, సంచిని నాకందించింది. "నువ్వు ఖాళీగనే ఉన్నవ్ గద, జర కోడిని పట్కరా." అప్పుడైనా నేను ఆక్సిలరేటర్ తిప్పి గీత దాటేయవచ్చు. కానీ అవ్వను అక్కడ వదిలి, ఆమె కోడిని పట్టుకుని నేను వేగంగా పారిపోతే దాన్ని మా వైపు రేసు అనరు, దొంగతనం అంటారు. సంచిని హ్యాండిల్‌కు తగిలించుకుని వెనకాలే పోయాను. మొదటి స్థానం మీసాల అన్న, అవ్వ. రెండో స్థానం నేను, కోడి.

కంపెనీ అధికారి మమ్మల్ని మళ్లీ మొదటి నుంచి పరిగెత్తిద్దామనే అనుకున్నాడు, పాపం. కానీ గీత దాటాక అవ్వ దిగితే కదా! "ఆపకు బిడ్డా, పోనియ్యి" అని మీసాల అన్న వీపు మీద తట్టింది. ఆయన దంతాలపల్లికి పోయాడు, కోడి నా దగ్గరుంది కాబట్టి నేనూ పోయాను. మనుమరాలి ఇంట్లో చాయ్ తాగకుండా కదలనివ్వలేదు. మేం తిరిగి వచ్చేసరికి షామియానా విప్పుతున్నారు. అధికారి టోపీ తీసి తల గోక్కుని, "ముందు గీత దాటినవాళ్లే గెలిచినట్టు. వెనక ఎవరూ కూర్చోకూడదని రూల్స్‌లో రాయలేదు" అని కౌంటర్‌ను భూపాలపల్లికి ఇచ్చేశాడు. నాకు ఏడుపొచ్చింది. మీసాల అన్న నా భుజం మీద చెయ్యేసి, "తమ్మీ, ముంగట ఉన్నది నువ్వే. గది నాకెరుకే" అన్నాడు. దాంతో ఏడుపు ఇంకా ఎక్కువైంది.

ఇంటికి చేరేలోపే కోడితో నేను గీత దాటుతున్న ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. బాపు గడపలోనే కూర్చుని ఉన్నాడు.

"కోడిని మంచిగ అప్పజెప్పినవా?"

"అప్పజెప్పిన బాపూ."

"అవ్వ మంచిగ దిగిందా?"

"దిగింది."

"ఆపకుంట పోయుంటే నిన్ను ఇంట్లకు రానియ్యకపోదును. కడుపు నిండ తిను. రేపు పొద్దుగాల పెదనాయిన దగ్గరికి పో" అన్నాడు. అమ్మ ఆ రాత్రి నాకు ఎన్ని రోజుల అన్నం బాకీ ఉందో అంతా ఒక్క పూటలోనే వడ్డించింది.

అట్లా నేను యూరియా మనిషినయ్యాను. అనుకున్నంత ఘోరంగా ఏమీ లేదు, రైతులతో మాటామంచీ బాగానే సాగుతుంది. మరుసటి ఏడు రేసుకు ముందు భూపాలపల్లి నుంచి ఫోన్ వచ్చింది. "తమ్మీ, రేసు నడిచేటప్పుడు తండోళ్లను రోడ్డుకు గీ దిక్కు నుంచి గా దిక్కు దింపనీకి కంపెనీ ఒక బండి పెడుతున్నది. నీ పేరు చెప్పిన. సీటున్న బండి తీస్కరా" అన్నాడు మీసాల అన్న. అప్పటి నుంచి ప్రతి రేసుకూ పోతున్నాను. మెడలో కంపెనీ కార్డు, వెనక ఎవరో ఒక అవ్వ. రిబ్బన్ పక్కన ఆగి, జెండా కోసం అందరితో పాటు నేనూ ఎదురుచూస్తాను. జెండా ఊగుతుంది, రెండు బండ్లు ఉరుకుతాయి, నా కుడి మణికట్టు నాకు తెలియకుండానే తిరుగుతుంది. బండి ఒక్క గుంజు గుంజుతుంది.

"మెల్లగ బిడ్డా, ఎవరన్న తరుముతున్నరా ఏంది?" అంటుంది వెనక నుంచి అవ్వ.

"లేదవ్వా" అని నవ్వి, చెయ్యి వదులు చేసి, మెల్లగానే పోనిస్తాను.